రెండు పడవలు, ఒక సపోర్టు

మా ఆయన సినిమాలకి సెట్లు వేస్తారు. నేను డబ్బింగ్ చెబుతాను. తుఫానులో ఓడ మునిగే సీన్లకి ఎంతమంది హీరోయిన్ల తరపున కేకలు పెట్టానో లెక్కలేదు గానీ, కాకినాడలో పుట్టి కూడా నేనెప్పుడూ పడవ ఎక్కలేదు. అలాంటి నాతో ఆయన ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, "పని మానేశాక మనం పడవలో ఉందామే" అన్నారు. షికారనుకున్నాను. కాదు, కాపురమట. హైదరాబాద్ వెంగళరావు నగర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, కాకినాడ తీరాన తెరచాప పడవలో కాపురం!

ఎందుకలా అడిగారో నాకు తెలుసు. జీవితమంతా రాజమహళ్లు కట్టారు, ఒక్కటీ నిలవలేదు. వెనక్కి వెళ్లి చూస్తే అక్కడ గోడ ఉండదు, ప్లైవుడ్డుకి కొట్టిన కర్రలుంటాయి. ఆ కర్రల్నే కాదు, కెమెరాకి కనబడకుండా దేన్నయినా నిలబెట్టే ప్రతిదాన్నీ మా వాళ్లు 'సపోర్టు' అంటారు. అన్ని వైపులా నిజంగా ఉన్న ఇల్లు ఒక్కటి, తనదంటూ కావాలని ఆయనకి పిచ్చి ఆశ. నవ్వి కొట్టిపారేద్దామనుకున్నాను, మనసు రాలేదు.

పడవలు కూడా దగ్గర్లోనే దొరికాయి. ఏదో సినిమా కోసం కొన్న రెండు పాత తెరచాప పడవలు ఫిల్మ్ నగర్ దిగువన, బండరాళ్ల మధ్య యార్డులో టార్పాలిన్ కప్పుకుని పడున్నాయి. నిర్మాత వాటిని ఎలాగైనా వదిలించుకోవాలని చూస్తున్నాడు. ఒకటి బొద్దుగా ఉంటుంది. షూటింగంతా దాని మీదే జరిగింది, దాని పనులన్నీ చూసింది మా ఆయనే. రెండోది సన్నగా, పొడుగ్గా, పందేల కోసం చేసింది. సీను మారిపోవడంతో దాన్ని వచ్చిన చట్రంలోంచి దించనే లేదు.

నిచ్చెన వేసుకుని ముందు బొద్దు పడవలోకి దిగాను. లోపల అచ్చంగా ఇల్లే! మంచాలు, వాటి కింద అరలు, మడత విప్పితే వచ్చే బల్ల, నేను నిటారుగా నిలబడేంత ఎత్తు. గ్యాస్ పొయ్యిని మాత్రం గోడకి బిగించలేదు, రెండు పక్కలా పట్టి వేలాడదీశారు. పడవ ఎంత ఒరిగినా పొయ్యి సమంగానే ఉంటుందట. వేలితో తోస్తే కాసేపు ఊగి, మళ్లీ తిన్నగా వచ్చి నిలబడింది. సముద్రం అల్లల్లాడుతున్నా పులుసు తొణక్కుండా ఉడకాలని ఎవరో ఎక్కడో కూర్చుని ఆలోచించారు చూడండి, ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

సన్న పడవలో దణ్ణం పెట్టడానికి చేతులెత్తే చోటు కూడా లేదు. వంగి నడవాలి. వంటిల్లు లేదు. పడుకోవడానికి గొట్టాలకి బిగించిన కాన్వాసు గుడ్డలే దిక్కు. "ఇందులో కాపురమా? నా చీరలు కూడా పట్టవు" అన్నాను. ఆయనా నవ్వారు. పెళ్లిచూపులు అక్కడితో అయిపోయినట్టే.

అయినా తెలిసినవాళ్లకి ఒకసారి చూపిద్దామని, హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్పే ఒకామెని పిలిచాం. ఆమె రెండింటి చుట్టూ తిరిగి, "పందెంకైతే సన్నదే మేడమ్. దూరం పోనీకి, అండ్ల ఉండనీకి పెద్దది బాగుంటది. గానీ కింద సూడకుంట నేనేం చెప్ప" అంది. టోలిచౌకి నుంచి క్రేన్ తెప్పించాం. దారికి అడ్డంగా ఉందని ముందు సన్నదాన్ని లేపారు.

పట్టీల మీద అది పైకి లేస్తుంటే టార్పాలిన్ జారి పడిపోయింది. పడవ పొట్ట కింద నుంచి మనిషెత్తున నల్లటి రెక్క ఒకటి దిగుతోంది, దాని చివర సీసం ముద్ద. పడవంటే పైన కనబడేదే అనుకున్నాను ఇన్నాళ్లూ! అంత బరువూ జూబ్లీహిల్స్ మేడల కంటే ఎత్తున, ఆకాశంలో ఆగింది. మధ్యాహ్నపు గాలి వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు, పడవ దానంతటదే మెల్లగా తిరిగి గాలికి ఎదురుగా నిలబడింది. అరుపులమ్ముకుని బతికేదాన్ని, నా నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు.

"గిదే కీల్. గాలి ఎంత ఒంచినా పడవని గిదే మల్ల లేపి నిలవెడ్తది. గిది లేకుంటే తెరచాప ఎత్తంగనే బోర్ల పడ్తది" అందామె. తర్వాత బొద్దు పడవ వైపు తిరిగింది. "దీనిది యాడుంది సార్?"

మా ఆయన మొహం పాలిపోయింది. "అది... సపోర్టు కాదా అండీ?"

బొద్దు పడవ వచ్చినప్పుడు దానికీ అలాంటిదే ఉందట, చెక్క చట్రంలో ఇరుక్కుని. లారీలో ఒరిగిపోకుండా పెట్టిన సపోర్టు అనుకున్నారు ఈయన. తుఫాను సీనుకి పడవని ఊపే యంత్రం మీద కూర్చోబెట్టాలంటే అది అడ్డం. ఎలాగూ కెమెరాకి కనబడదు. "సపోర్టు తీసేయండి" అన్నారు. తీసేశారు, అడుగు కోసి యంత్రానికి బిగించారు. సీసం పాత ఇనుముతో పాటు పోయింది.

ఆమె కిందికి దూరి, అడుగున కొట్టిన ప్లైవుడ్డు మీద చెయ్యి వేసి చూసి బయటికి వచ్చింది. "ఇగ ఇది నీళ్లల్లకి పోదు సార్" అంది మెల్లగా.

ఆయన బండ మీద కూలబడ్డారు. "నా నోటితో నేనే తీయించానే. వదిలెయ్, ఇంక పడవ మాటెత్తను" అన్నారు. గొంతులతోనే నా బతుకు, ఏ గొంతులో ఏముందో నాకు తెలుస్తుంది. ఆ గొంతులో ఆశ లేదు. నాకు భయమేసింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఒక్క తప్పుకి మనిషి అలా చల్లారిపోతాడా!

సన్న పడవని మళ్లీ చట్రంలోకి దించగానే నిచ్చెనెక్కాను. వంగి లోపలికి వెళ్లి, ఆ కాన్వాసు గుడ్డ మీద పడుకున్నాను. తల ఠంగున తగిలింది. కాళ్లు ముడుచుకుంటే సరిపోయింది. ఇన్నేళ్లుగా ఊళ్లో వాళ్ల కోసం పెట్టిన కేక ఆ రోజు నా కోసం పెట్టాను.

"ఏమండీ! నేను ఇందులో పట్టాను. మీరూ పడతారో లేదో వచ్చి చూసుకోండి!"

చాలాసేపటికి నిచ్చెన కిర్రుమంది. ఎక్కడికి వెళ్లినా ముందు సుత్తి అడిగే మనిషి, గుమ్మంలోనే ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, కిందనున్న సెయిలింగ్ టీచరుని అడిగారు.

"అమ్మా, ఇందులో నేను ముట్టుకోకూడనివి ఏవేవో ముందు చెప్పండి."