పదిహేడో ప్రశ్నకి జవాబు ఊరికే

భవానీపురంలో సుధామణిని సొంత పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె ‘సర్వే మేడం’. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒక్కటే: ఎవరో రాసిన ప్రశ్నలు పట్టుకుని ఇంకెవరి గుమ్మం ముందో నిలబడటం. మొదట పోలియో చుక్కల లెక్క, తరవాత జనాభా లెక్క, ఆ తరవాత సబ్బుల కంపెనీలు, ఈమధ్య యూనివర్సిటీల వాళ్ళు. దూరవిద్యలో బి.ఏ. పూర్తిచేసిన ఏడాది ఎవరో పిలిస్తే పది రోజుల పనికని వెళ్ళింది. ఆ పది రోజులూ ఇంకా అవలేదని ఆమె భర్త గంగాప్రసాద్ ఇప్పటికీ అంటుంటాడు.

పని మాత్రం బాగా పట్టుబడింది. ‘సర్వే’ అన్న మాట ఆమె ముందుగా ఎత్తదు. ఎత్తితే కొందరు రేషన్ కార్డు పోతుందని భయపడతారు, కొందరు ఇల్లు మంజూరవుతుందని ఆశపడతారు. ఎలా చూసినా జవాబులు పాడవుతాయి. అత్తాకోడళ్ళున్న ఇంట్లో కోడలు వంటింట్లోకి వెళ్ళినప్పుడు అత్తనీ, అత్త పూజలో ఉన్నప్పుడు కోడలినీ అడుగుతుంది. మజ్జిగ ఇస్తే వద్దనదు. ఇవేవీ పుస్తకాల్లో చదివినవి కావు. ఎవరైనా పుస్తకాల సంగతి ఎత్తితే, “థియరీలు సార్లవండీ. జనం చెప్పింది చెప్పినట్టు రాయడం వరకే నా పని,” అనేది. ఆ మాట అనేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉండేది.

జులైలో ఆమె దగ్గరికి అక్షయ అనే అమ్మాయి వచ్చింది. గుడివాడ దగ్గర రైతుల ఇంటి పిల్ల. సామాజిక శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. మనిషి ఏదిచ్చినా, ఏదో ఒకటి తిరిగి వస్తుందన్న లెక్కతోనే ఇస్తాడని ఒక సిద్ధాంతం ఉందట. ఇరుగుపొరుగు ఇళ్ళ మధ్య నడిచే ఇచ్చిపుచ్చుకోవడాల్లో అది ఎంతవరకు నిలుస్తుందో చూడాలి. ఊరు కంకిపాడు, ఇళ్ళు నూట ఇరవై. ట్యాబులు తెచ్చుకునే వీలు లేదు కాబట్టి కాగితం ఫారాలే. అందులో అసలు కీలకం పదిహేడో ప్రశ్న: “పొరుగింటికి చివరిసారి ఇచ్చిన వస్తువుకు బదులుగా మీరు ఏమి ఆశించారు?” కింద నాలుగు గళ్ళు. ఒకటి డబ్బు, రెండు మరో వస్తువు, మూడు పని సాయం, నాలుగు ఏమీ ఆశించలేదు.

సుధామణి తొమ్మిది రోజుల్లో నూట ఇరవై ఇళ్ళూ పూర్తిచేసి ఫారాలు అప్పగించింది. వారం తిరక్కుండా అక్షయ ఫోన్ చేసింది. గొంతు పీలగా ఉంది.

“ఆంటీ, మీరొకసారి యూనివర్సిటీకి రాగలరా? మా గైడ్ గారు మాట్లాడాలంటున్నారు.”

గైడ్ పేరు సంజీవరావు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, ఒక్కో మాటా తూచి మాట్లాడతాడు. ఆయన బల్ల మీద ఫారాలు రెండు దొంతర్లుగా ఉన్నాయి. ఒకదాంట్లో ఎనిమిది, రెండోదాంట్లో మిగతావన్నీ.

“కూర్చోండమ్మా. పదిహేడో ప్రశ్నకి నూట పన్నెండు మంది నాలుగే అన్నారా?”

“అన్నారండీ. ఊరికే ఇచ్చామన్నారు. ఎవర్నడిగినా అదే మాట.”

ఆయన ఒక ఫారం తీసి కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. “వానల్లో తొమ్మిది రోజులు తిరిగొచ్చిన కాగితాలు. ఒక్క మడత లేదు. ఒక్క మరక లేదు.”

“ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటానండీ.”

ఆయన ఆ ఫారాన్ని మళ్ళీ దొంతర మీద పెట్టాడు. అక్షయ నేల చూపులు చూస్తోంది. సుధామణికి విషయం అర్థమైంది. ఈ పనిలో దాన్ని ‘వండటం’ అంటారు. ఇళ్ళకు వెళ్ళకుండా, ఫ్యాను కింద కూర్చుని, వీధి మొత్తం జవాబులు రెండు గంటల్లో నింపేయడం. అలా వండేవాళ్ళని ఆమె చూసింది. ఒకసారి పట్టుబడితే ఆ పేరు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి పాకిపోతుంది. ఆ తరవాత వాళ్ళని ఎవరూ పిలవరు. ఇప్పుడు ఆ జాబితాలోకి తన పేరు ఎక్కబోతోంది.

“నేను వండలేదండీ,” అంది.

“ఆ మాట నేననలేదమ్మా.”

“మీరనలేదండీ. నేనే అన్నాను.”

సంజీవరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. “చూడండి, సిద్ధాంతం తప్పని తేలితే నాకేం బాధ లేదు. అది కూడా ఫలితమే. కానీ ఇంత ఏకపక్షంగా తేలినప్పుడు ముందుగా కొలిచిన కర్రని అనుమానించాలి.”

“ఆ కర్ర నేనే కదండీ.”

ఆయనకు నవ్వు ఆగలేదు. “మీరూ, ఫారమూ. రెండూ.”

“అయితే రేపు కంకిపాడు రండి. ఏ ఇంటికి పోదామంటే ఆ ఇంటికే పోదాం. మీరే అడగండి. నేను నోరెత్తను.”

ఆ సాయంత్రం జరిగిందంతా విని గంగాప్రసాద్ టీ గ్లాసు కింద పెట్టాడు. “ఇన్నేళ్ళూ ఊరందర్నీ ప్రశ్నలడిగావు. ఇవాళ నిన్నడిగారు. ఎలా ఉందేమిటి?”

“గళ్ళు ఇవ్వలేదు. ఉంటే ఏదో ఒకదాని మీద టిక్కు పెట్టేదాన్ని,” అంది.

మర్నాడు కంకిపాడు బస్టాండులో దిగాక, సంజీవరావు దొంతర మధ్యలోంచి కళ్ళు మూసుకుని ఒక ఫారం లాగాడు. అరవై నాలుగో నంబరు. కాలవ గట్టు వీధి, కొండలమ్మ. పొద్దున్నే మార్కెట్లో చేపలమ్మి పదకొండుకల్లా ఇల్లు చేరే మనిషి. వీళ్ళు వెళ్ళేసరికి వాకిట్లో కత్తిపీట కడుగుతోంది.

“ఏవమ్మోయ్ సర్వే మేడం! మొన్ననేగా వచ్చి గంటసేపు నా బుర్ర తిన్నావు, మళ్ళీ వచ్చావే? ఈయనెవరు, మీ ఆయనా?”

“కాదండీ బాబూ!” అంది సుధామణి. నోరెత్తనన్న మాట గుమ్మంలోనే పోయింది. కానీ కొండలమ్మ పలకరింపుతో వండటం సంగతి కూడా అక్కడే తేలిపోయింది. అక్షయ గట్టిగా ఊపిరి వదిలింది. సంజీవరావు సుధామణి వైపు తిరిగి తల వంచాడు. అంతటితో వెనక్కి వెళ్ళిపోవచ్చు. ఆయన వెళ్ళలేదు. కొండలమ్మ వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

“పక్కింటికి చివరిసారి ఏమిచ్చారమ్మా?”

“చేపల పులుసండీ. ఆదివారం కొరమేను వండాను. పద్మావతమ్మగారికి ఓ గిన్నెడు పంపించా.”

“బదులుగా ఆవిడ్నించి ఏమాశించారు?”

కొండలమ్మ మొహం ముడుచుకుంది. “ఆశించడమేంటండీ? కూర పంపి కాచుక్కూచుంటామా? ఊరికే ఇచ్చాను.”

సుధామణి, చూశారా అన్నట్టు, అక్షయ వైపు చూసింది.

“మరి ఆవిడ ఏమీ ఇవ్వలేదా?” సంజీవరావు వదల్లేదు.

“ఎందుకివ్వదండీ, గిన్నె కడిగి రెండు దోసకాయలు పెట్టి పంపింది.”

“ఏమీ పెట్టకుండా పంపితే?”

“ఖాళీ గిన్నె ఎట్టా పంపిద్దండీ!”

“పంపిందనుకోండి.”

కొండలమ్మ ఆలోచించింది. “ఒకసారయితే మర్చిపోయిందనుకుంటా. రెండోసారీ అట్టాగే పంపితే మనసులో ఏదో పెట్టుకుందనుకుంటా.”

“మూడోసారి?”

“మూడోసారి నేనెందుకు పంపుతానండీ? ఊరికే ఎవరిస్తారు?”

సంజీవరావు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. “ఇందాక ఊరికే ఇచ్చానన్నారు కదమ్మా?”

“అవునండీ, ఊరికే ఇచ్చాను.”

“ఇప్పుడేమో ఊరికే ఎవరిస్తారంటున్నారు?”

“ఎవరిస్తారండీ మరి!”

కొండలమ్మ ఆయన్ని జాలిగా చూసి సుధామణి వైపు తిరిగింది. “ఏవమ్మా, పెద్దాయనకి తెలుగు రాదా?”

అక్షయ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. సంజీవరావు మాత్రం దాచుకోకుండా నవ్వాడు. “ముప్పై ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నానమ్మా. ఈ ఒక్క మాటా నేర్చుకోలేదు,” అన్నాడు.

వీధి చివర టీ కొట్టు బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. 

“ఆవిడ రెండుసార్లూ నిజమే చెప్పిందండీ,” అంది సుధామణి. “మొదటి ఊరికే అంటే లెక్క చూసుకుని ఇవ్వలేదని. రెండోది అంటే, అవతలివాళ్ళకి మనం పట్టకపోతే మనకెందుకని.”

“బాగా చెప్పారు. మరి ఫారంలో నాలుగెందుకు వేశారు?”

“ఊరికే అంటే నాలుగే కదా అనుకున్నానండీ.”

“అది మీ సిద్ధాంతం.”

“నాకు సిద్ధాంతాలెక్కడివండీ? వాళ్ళు చెప్పింది రాస్తాను.”

“వాళ్ళు చెప్పింది ఊరికే. మీరు రాసింది నాలుగు. మధ్యలో ఏం జరిగింది?”

సుధామణి నూట పన్నెండు గుమ్మాల్లో ఆ మాట విన్నది. నూట పన్నెండుసార్లూ చెయ్యి ఆగకుండా నాలుగో గడిలో టిక్కు పెట్టింది. పెట్టేటప్పుడు తను ఏదో అనుకుంటున్నానని కూడా అనుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా చెప్పుకుంటున్న గర్వం కాస్త చివుక్కుమంది. 

“తప్పు నాది ఆంటీ,” అంది అక్షయ. “ఆ నాలుగు జవాబులూ ఒక ఇంగ్లీషు పరిశోధన పత్రంలోంచి తెచ్చి తెలుగు చేశాను. వాళ్ళ ఊళ్ళో గిన్నె సంగతి లేదు. నేను మా ఇంట్లో చూస్తూనే పెరిగాను, అయినా ఫారం రాసేటప్పుడు గుర్తు రాలేదు.”

“సంతకం పెట్టింది నేను,” అన్నాడు సంజీవరావు.

“అయితే ముగ్గురం కలిసే వండామన్నమాట,” అంది సుధామణి. టీ కొట్టతను కూడా తిరిగి చూసేంతగా నవ్వారు.

గ్లాసు ఖాళీ చేశాక ఆమె అడిగింది. “ఖాళీ గిన్నె గురించి అడగాలని మీకెలా తోచిందండీ? నేనిన్ని గుమ్మాలు తిరిగాను, నాకు తట్టలేదు.”

“ఎవరూ ఊరికే ఇవ్వరని నా అనుమానం. ఆ అనుమానమే ఆ ప్రశ్న అడిగించింది. సిద్ధాంతం చేసే ఉపకారం అంతే. కొండలమ్మగారు దానికి ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ఎంతమంది అని లెక్కపెట్టడం ఒక పద్ధతి. ఒక మాటకి వాళ్ళ దగ్గర అర్థమేమిటని వినడం ఇంకో పద్ధతి. రెండోదాన్ని నేను కాలక్షేపం అంటూ వచ్చాను.” ఆయన అక్షయ వైపు తిరిగాడు. “ముందు విందాం. లెక్క తరవాత. ఇరవై ఇళ్ళు చాలు. గళ్ళు వద్దు.”

“ప్రశ్న ఎలా మార్చాలి సార్?”

“సుధామణిగారిని అడగండి.”

సుధామణి కవర్లోంచి ఒక ఫారం తీసి వెనకవైపు రాయబోయి ఆగింది. ఎవరి ప్రశ్నో చదవడమే గాని, సొంతంగా రాయడం ఆమెకు ఇదే మొదలు. రెండుసార్లు కొట్టేసి, మూడోసారి చదివి వినిపించింది: “మీ గిన్నె చివరిసారి ఎవరింటికి వెళ్ళింది? వస్తూ వస్తూ ఏం తెచ్చింది?”

సంజీవరావు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తరవాతి సోమవారం ఆమె పద్మావతమ్మ ఇంటితో మొదలుపెట్టింది. గీతలు తప్ప ఇంకేమీ లేని తెల్లకాగితాలు ఒళ్ళో పెట్టుకుని ప్రశ్న అడిగింది. పద్మావతమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, “మా గిన్నె సంగతి తరవాతమ్మా. మా ఇంట్లో ఉండిపోయిన ఊళ్ళోవాళ్ళ గిన్నెలు చూస్తావా?” అని లోపలికి వెళ్ళింది. ఒక్కొక్కటే తెచ్చి చాప మీద బోర్లించింది. ఏడు స్టీలు గిన్నెలు. ఒక్కోదాని అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఒక్కో పేరు.

“ఇది శౌరమ్మగారిది, క్రిస్మస్‌కి అరిసెలొచ్చాయి. ఇదేమో వెంకటప్పయ్యగారి భార్యది. దీనికో పెద్ద కథ ఉంది. తిరిగి ఇద్దామంటే ఆవిడే వద్దంది.”

“ఎందుకు వద్దన్నారండీ?”

“ఊరికే,” అంది పద్మావతమ్మ.

సుధామణి కలం పైకెత్తి, “ఏ ఊరికే అండీ?” అంది.

పద్మావతమ్మ పక్కున నవ్వి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అప్పుడే సుధామణి ఫోన్ మోగింది. గుంటూరు నుంచి, ఏదో సర్వే ఆఫీసట. “సంజీవరావు గారు మీ పేరు చెప్పారండీ. నమ్మకంగా రాస్తారన్నారు. ఎల్లుండి నుంచి రాగలరా?”

ఆమె కాగితం వైపు చూసుకుంది. మొదటి పేజీ అప్పుడే నిండిపోయింది.

“ఎల్లుండి కుదరదండీ,” అంది. “వచ్చే నెల వస్తాను. ఇక్కడింకా ఆరు గిన్నెలున్నాయి.”

“ఏంటండీ? ఏమున్నాయి?” అంటున్నాడు అవతలి మనిషి.