ఏనాడూ ఎదురు చెప్పలేదట

ఈ రోజు పొద్దున ఎల్బీ నగర్‌లో సూర్యాపేట బస్సు ఎప్పటిలాగే స్టాపు దాటి ముందుకు పోయి ఆగింది. ఎప్పటిలాగే జనం మూటలతో, పిల్లలతో దాని వెనక పరుగెత్తారు. ఒక పెద్దావిడ సగం దూరం పోయి, ఇక తన వల్ల కాదని సంచీ కింద పెట్టి నిలబడిపోయింది. బస్సు కదిలిపోయింది. నేనూ అందరిలాగే చూస్తూ ఊరుకున్నాను. మా అక్క కొడుకు ఉంటే ఆ బస్సు అంగుళం కదిలేది కాదు. ఎదురుగా పోయి దాని ముఖాన చెయ్యి ఆనించి, "అన్నా, స్టాపు గీడ కాదు, గాడుంది. పెద్దమ్మ ఎక్కినంక పో" అనేవాడు. డ్రైవరు కిటికీలోంచి తిట్టేవాడు, వీడు కింద నుంచి జవాబు చెప్పేవాడు, ఆ వాదన తెమిలేలోగా మూటలతో సహా అందరూ ఎక్కేసేవారు. తీరా చూస్తే వాడికి ఏ ఊరికీ పోయే పని ఉండేది కాదు. నన్ను బస్సెక్కించడానికి వచ్చేవాడు, ఆ గొడవలో ఒక్కోసారి నా బస్సే తప్పిపోయేది. "ఎందుకురా ప్రతివాడితో కొట్లాట" అంటే, "కొట్లాట కాదు మామా, మాట్లాడుతున్న" అనేవాడు.

వాడు అలా 'మాట్లాడని' మనిషి మా చుట్టుపక్కల లేడు. చర్చిలో పాస్టరుగారిని సైతం వదల్లేదు. ప్రసంగం మరీ సాగుతోందనీ, ముసలివాళ్ళు మధ్యలో లేవలేక పరేషాన్ అవుతున్నారనీ గుమ్మం దగ్గర ఆపి మరీ చెప్పాడు. ఆ తర్వాత కొన్ని వారాలు ప్రసంగం నిజంగానే తగ్గింది, ఆ పుణ్యం మేమందరం అనుభవించాం. ఇంట్లో తండ్రితో టీవీ దగ్గర మొదలైన వాదన ముదిరి, "షాపుకు దగ్గరైతది" అనే సాకుతో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీది గదికి కిరాయికి మారాడు. షాపంటే మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే చోటు. ఇంటి నుంచి మెట్రోలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరానికే మా అక్క కొడుకును సముద్రాలు దాటిస్తున్నట్టు ఏడ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక వాడు ఇంటికి వచ్చి, కోడికూర తిని, తండ్రితో వారం కిందటి వాదన ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకుని, సాయంత్రానికి వెళ్ళిపోయేవాడు.

ఆ గది ఓనరమ్మది గుడివాడ వైపు. కింద ఆవిడ, పైన వీడు. నేను వెళ్ళినప్పుడల్లా నీళ్ళ మోటరు మీద పంచాయితీ నడుస్తూ ఉండేది. "మోటరు ఏసుడు మళ్ళ మర్సినవా ఆంటీ? తలకు సబ్బు పెట్టుకొని నిలబడ్డ" అని వీడు పై నుంచి. "కేకలెయ్యకయ్యా, వీధంతా వింటున్నారు. స్నానం పొద్దున్నే చేసేడిస్తే ఈ గొడవ ఉండదుగా" అని ఆవిడ కింద నుంచి. మొత్తానికి మోటరూ వేసేది, కాసేపటికి గిన్నెడు పులిహోరా పైకి పంపేది. వాడు శుభ్రంగా తిని, గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఉప్పెక్కువైందని ఇంకో తగువు పెట్టుకుని వచ్చేవాడు.

అలాంటివాడు ఒక మధ్యాహ్నం షాపులో ఛాతీ పట్టేసినట్టుందని స్టూలు మీద కూర్చున్నాడట. దవాఖానకు పోదాం పద, బండి తీస్తానన్నాడట షాపు యజమాని. గ్యాసు, ఏం కాదన్నాడు వీడు. ఒకసారి చూపించుకుంటే పోయేదేముందని ఆయన బతిమాలాడు. వీడు ఆయన నోరు మూయించి, సోడా తాగి, మళ్ళీ ఫ్యాను విప్పడానికి కూర్చున్నాడు. కాసేపటికి దాని మీదికే ఒరిగిపోయాడు. ఇరవై ఏడేళ్ళు. పిల్లను చూస్తున్నాం అప్పటికి. నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ ముందు అదే వస్తుంది. ఊళ్ళో ప్రతివాడితో వాదించి సగం వాదనలు ఓడిపోయి వచ్చేవాడు కదా, ఆ ఒక్కటీ ఎందుకు గెలవాలి? ఈ కోపం ఎవరి మీద తీర్చుకోను? ఎదురుగా ఉంటే రెండు తగిలించి తీర్చుకునేవాణ్ణి. వాడూ ఊరుకునేవాడు కాదు, అది వేరే సంగతి.

మొన్న ఏడాది నిండిందని అక్క వాళ్ళ గల్లీలో షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మా వాళ్ళలో పాటలూ వాక్యమూ అయ్యాక, పోయిన మనిషి గురించి తెలిసినవాళ్ళు లేచి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పడం రివాజు. అక్క ఆ నాలుగు మాటల కోసమే ముందు వరసలో కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో వాడెలా బతికాడో ఆమెకు తెలియదు. ఆ బతుకు ఎవరి నోటనైనా వింటే, ఇంకొంచెం కొడుకు దొరుకుతాడని ఆశ. ఒకాయన లేచి సౌమ్యుడన్నాడు. ఇంకొకాయన శాంతస్వభావి అన్నాడు. పాస్టరుగారు, పాపం, ఏనాడూ పెద్దల మాటకు ఎదురు చెప్పని బిడ్డ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత మాట వినేవాడే అయితే షాపు యజమాని బండి ఎక్కేవాడు, మేమందరం ఆ షామియానా కింద కూర్చునేవాళ్ళమే కాదు.

అప్పుడు వెనక వరసలోంచి ఓనరమ్మ లేచింది. "నేను మాట్లాడొచ్చాండీ" అని అడిగి, ఎవరూ ఏమీ అనకముందే మొదలుపెట్టింది. "శాంతమేంటండీ, రోజూ నాతో గొడవే. నా మోకాలు వాచిపోతే డాక్టరుకి చూపించుకోమని వారం రోజులు నన్ను తిట్టిపోశాడు. వెళ్ళేదాకా అద్దె ఇవ్వనని కూర్చున్నాడు. చివరికి తనే ఆటోలో ఎక్కించుకెళ్ళి, అక్కడ లైను దగ్గర కూడా గొడవ పడి చూపించుకొచ్చాడు. నాకు చేశాడు గానీ, తనకి మాత్రం..." అని ఆగిపోయింది.

అక్క వెనక్కి తిరిగింది. "ఇంకేమనేటోడమ్మా?" అని అడిగింది. ఆమె గొంతులో ఆశ విని నాకు ఏడాదయింది.

ఓనరమ్మ నోరు తెరిచేలోగా సంఘపెద్ద చేతి గడియారం చూసుకుని మైకు అందుకున్నాడు. "టైం అయిపోయింది, అన్నం సల్లగైతది, ముగింపు ప్రార్థన చేసుకుందం" అన్నాడు. అందరూ తలలు వంచారు. నేను పళ్ళు కొరుకుతూ కళ్ళు మూసుకున్నాను, ఉండబట్టలేక మళ్ళీ తెరిచాను. అక్క కుర్చీ ఖాళీగా ఉంది. ప్రార్థన మధ్యలో లేవడం ఆమె జన్మలో చేయని పని. వెనక వరసలో ఓనరమ్మ పక్కన కూర్చుని, ఆవిడ నోటికి చెవి ఆనించి వింటోంది. మధ్యలో ఒకసారి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏం విని నవ్విందో నాకు వినబడలేదు, మైకులో సాత్వికుడైన బిడ్డ కోసం స్తోత్రాలు మోగుతున్నాయి. ఒక్క ఏడాదికే కాలం వాణ్ణి ఇంత బుద్ధిమంతుణ్ణి చేసింది, ఇంకో పదేళ్ళు పోతే నేనూ లేచి అదే సాక్ష్యం చెబుతానేమోనని నా భయం.