నూటికి నూరు పాళ్లు అసలైన వణుకు

మా అక్క పెళ్లి వీడియోలో బావ తాళి కట్టే ఘట్టం చూసి కళ్లు తుడుచుకోని వాళ్లు మా చుట్టాల్లో లేరు, నేను తప్ప. ఎందుకంటే దాని వెనక ఒక ఘోరం జరిగింది, ఆ ఘోరం వెనక నేనున్నాను. చెబుతాను. నవ్వనని మాటివ్వక్కర్లేదు, మా ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు.

ఆ రోజుల్లో నేను మేడ్చల్‌లో ఉద్యోగం వెతుకుతున్నానని ఇంట్లో చెప్పి, కీబోర్డు వాయించుకుంటూ ఉండేవాణ్ని. అప్పుడే టేపు కీబోర్డు పిచ్చి పట్టింది. వెనకటికి విదేశాల్లో బీరువా అంత వాయిద్యం ఒకటుండేదట. ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క, దాని మీద ఎవరో ఊదిన వేణువు స్వరం. మీట నొక్కితే టేపు తిరిగి ఆ స్వరం పలుకుతుంది. ఎనిమిది సెకన్లకు టేపు అయిపోయి టక్కున ఆగిపోతుంది. లోపలి మోటారు నిలకడగా తిరగదు కనక స్వరం వణుకుతుంది కూడా.

అసలుది నేను కంటితో చూసిన పాపాన పోలేదు. దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ మాత్రం లాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాను. అందులో తెర మీద తిప్పే మర ఒకటుంది, అది వాయిద్యం వయసు పెంచుతుంది. ఎంత పెంచితే అంత వణుకు, ఎంత వణికితే అంత అసలుదని ఇంటర్నెట్ పండితులు తేల్చారు. నేను మర చివరిదాకా తిప్పి అవ్వకు వినిపించాను.

"దానికి సలి వెడ్తాందా బిడ్డా?" అంది అవ్వ.

కళ తెలియని మనిషిలే అని క్షమించేశాను.

అక్క పెళ్లి శామీర్‌పేటలో, ఏసీ ఫంక్షన్ హాల్లో, మధ్యాహ్నం ముహూర్తం. గట్టిమేళానికి సన్నాయి వాళ్లున్నారు. మిగతా సేపు సన్నగా వేణువు నేను వాయిస్తానన్నాను.

"గీ లొల్లంత ఎందుకుర? పాటలు వెడ్తె సాలదా?" అన్నాడు బాపు.

అక్కే నా తరఫున మాట్లాడింది. "వాయించనియ్యి బాపు, తమ్మునికి నలుగుట్ల పేరొస్తది." తరవాత నా చెవి పట్టుకుంది. "కని తాళి కట్టుడు వీడియోల మంచిగ రావాలె. నాకు గదొక్కటే ఆశ. ఖరాబ్ జేసినవంటే సంపుత!"

"ఎందుకు ఖరాబైతదక్కా? నూటికి నూరు పాళ్లు ఒరిజినల్!"

హాల్లో మైకు వాళ్లు నన్ను తమ వైర్లు ముట్టుకోనివ్వలేదు. దోస్తు దగ్గర చార్జింగ్ స్పీకరు అడిగి తెచ్చుకున్నాను. ఈ స్పీకరు సంగతి కాస్త గుర్తుంచుకోండి.

జీలకర్ర బెల్లం అయింది. బావ తాళి అందుకోబోతున్నాడు. నా కళకు ఇదే అదననుకుని మీట నొక్కాను. వేణువు గజగజ వణికింది, మూలిగింది, టక్కున ఆగింది. మళ్లీ నొక్కాను.

ముందు వరసలో అత్వెల్లి పెద్దబాపు కూర్చున్నాడు. బాపుకు అన్న. బోరు కింద కూరగాయలు పండించి, కాలిన మోటార్లు బాగుచేయించీ చేయించీ చెవులు పండిన మనిషి.

"ఏందిర గా సప్పుడు? వోల్టేజ్ పడిపోతాంది!"

పక్కనే ఉన్న కీసర పెద్దమనిషి, బావకు మేనమామ, తలూపాడు. "అవు బావా! మా బోరు గూడ గిట్లనే మూల్గి మూల్గి కాలిపాయె."

"వోల్టేజ్ కాదు పెద్దబాపూ, అది టేపు!" అన్నాను.

"టేపేడున్నదిర? కంప్యూటర్ గద!"

"లోపల టేపు ఉన్నట్టు జేస్తది."

"ఉన్నట్టు జేసుడేంది?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. "ఏసీలు కాల్తయ్! మెయిన్ బంద్ జేసి జనరేటర్ ఎయ్యుండ్రి, జల్దీ!" అని కేకేశాడు. ఇద్దరు పెద్దమనుషుల మాట కాదనలేక హాలు ఎలక్ట్రీషియన్ పరుగెత్తి మెయిన్ కట్టేశాడు. జనరేటరు దగ్గింది, తుమ్మింది, పడుకుంది. కిటికీలన్నిటికీ మందపాటి తెరలు. పట్టపగలు కారుచీకటి.

"ముహూర్తం దాటిపోతోంది, కట్టు నాయనా!" అని పంతులు గారి గొంతు.

"ఏడ కట్టాలె? మెడ కనవడ్తలేదు!" అని బావ గొంతు.

"గది నా చెవి!" అని అక్క గొంతు.

చీకట్లోనే గట్టిమేళం మోగింది. అక్షింతలన్నీ వీడియో అతని మీద పడ్డాయి. జనం సెల్‌ఫోన్ లైట్లు వెలిగించేసరికి మూడు ముళ్లూ పడిపోయాయి. మేళం ఆగింది. హాలంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ఒక్క వేణువు మాత్రం గజగజా వణుకుతోంది. ఏమైనా సరే కళాకారుడు ఆగకూడదని నేనింకా వాయిస్తూనే ఉన్నాను.

"కరెంటే లేదు గదర," అన్నాడు పెద్దబాపు నెమ్మదిగా. "మరి గదెందుకు వణుకుతాంది?"

సెల్‌ఫోన్ లైట్లన్నీ నా వైపు తిరిగాయి. బాపు చెప్పు కోసం వంగాడు. మండపం కదా, చెప్పులు బయట ఉన్నాయి. అలా బతికాను.

కరెంటు వచ్చాక వీడియో చూస్తే అంతా నలుపు. అక్క చెవి సంగతి మాత్రం స్పష్టంగా వినబడింది. అక్క ఏడ్చింది. నన్ను తిట్టినా బాగుండేది, ఊరికే ఏడ్చింది. నాకు నిజంగా చచ్చిపోవాలనిపించింది.

చివరికి వీడియో అతనే ఉపాయం చెప్పాడు. మళ్లీ తీద్దామన్నాడు. కట్టిన తాళి మళ్లీ కట్టకూడదన్నారు పంతులు గారు. అందుకని బావ అక్క మెడ వెనక ఉత్త చేతులు ఆడించాడు. అక్క సిగ్గుపడుతూ తల వంచింది. జనం మళ్లీ అక్షింతలు వేశారు. పెద్దబాపు కెమెరా పక్కన నిలబడి, "చేతులు జర కిందికి వెట్టు అల్లుడా! నిజంగ కడ్తున్నట్టు జెయ్యి!" అని చెబుతూ ఉన్నాడు. ఉన్నట్టు జేసుడేంది అని అడగాలని నా నాలుక దురద పెట్టింది గాని, బాపు అప్పటికే చెప్పులు తెప్పించుకున్నాడు.

ఇప్పటికీ చుట్టాలొస్తే అక్క ఆ వీడియో పెడుతుంది. పెద్దబాపు కళ్లు తుడుచుకుని నా వైపు తిరుగుతాడు. "సూడుర, ఒరిజినల్ అంటే గిట్లుండాలె!"

కాబట్టి సకల బంధుమిత్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పెళ్లిలోనూ ఆ మర ముట్టుకోను, ఏ వాయిద్యానికీ లేని ముసలితనం తెప్పించను. ఇది నిజమైన ఒట్టే. ఒట్టు పెట్టుకున్నట్టు చేయడం కాదు.