సైరన్ మింగిన చరణం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పటికీ తగ్గలేదు కానీ, తొంభైల్లో డిగ్రీ చదివే రోజుల్లో మరీ ఎక్కువ. మా స్నేహితుల బ్యాండుకు వీడియో తీద్దామనుకున్నప్పుడు అందరూ ఏకగ్రీవంగా నన్ను డైరెక్టర్‌ని చేసింది అందుకే. నా ప్రతిభ చూసి కాదు, నేను అరిస్తే పనులవుతాయని.

బ్యాండంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. మణుగూరులో బొగ్గుగని కాలనీ కుర్రాళ్ళు ముగ్గురు, మా కాలేజీవాళ్ళే. ఒకడిది ఢోలక్. ఇంకొకడు వాళ్ళ మామయ్య దగ్గర బతిమాలి తెచ్చుకున్న చిన్న కీబోర్డు వాయిస్తాడు. మూడోవాడు పాడతాడు. పాటలు రాసిచ్చేది నేను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ ఎరువుల కొట్టు పెట్టాడు. ఆరో ఏటి నుంచి ఆ ఊళ్ళోనే పెరిగినా మా ఇంట్లో మాట మాత్రం కోస్తా మాటే. నేను ‘ఏంటి’ అన్నప్పుడల్లా ఢోలక్‌వాడు “ఏంటండి మేడమండి” అని వెక్కిరించేవాడు. వాడి ఢోలక్ పగలగొడతానని నేను వారానికి రెండుసార్లయినా బెదిరించేదాన్ని.

ఊళ్ళోకి కేబుల్ టీవీ కొత్తగా వచ్చింది. ఆదివారం సినిమా వేసే ముందు మా పాట వేస్తానని కేబుల్ ఆపరేటర్ ఒప్పుకున్నాడు. కీబోర్డువాడికి కాలేజీ అమ్మాయిలు చూడాలని ఆశ. ఢోలక్‌వాడికి అందరూ చూడాలని ఆశ. పాడేవాడి సంగతి వేరు. అది వాడు నాకొక్కదానికే చెప్పాడు, కాలేజీ బస్సు కోసం నిలబడి ఉండగా.

“మా నాయన నేను పాడంగ ఒక్కసారి ఇనాలె,” అన్నాడు.

“దానికి వీడియో ఎందుకు? ఇంట్లో ఆయన ముందు నిలబడి పాడు.”

“పాడిన. ఏందిరా గొణుగుతున్నవ్, గట్టిగ చెప్పు అన్నడు.”

నవ్వబోయి ఆగాను. వాళ్ళ నాన్న భూమి లోపల గనిలో ఇరవై ఏళ్ళు డ్రిల్లు పట్టిన మనిషి. బొగ్గు పేల్చే చోట పని. చెవులు ఎప్పుడో మందగించాయి. వీడు బడిలో పాడి బహుమతులు తెచ్చుకున్న రోజుల్లో ఆయన డ్యూటీలో ఉండేవాడు. ఆయనకు తీరిక దొరికేసరికి వినికిడి పోయింది. కొడుకు పాడతాడని ఊరంతా అంటుంటే, నోరు కదపడం తప్ప ఆయనేమీ ఎరగడు. “ఆ మనిషికి సైరన్ ఒక్కటే ఇనబడుతది, నేను పిలిస్తే ఇనబడదు,” అని వాళ్ళమ్మ ఎప్పుడూ అంటుండేది.

“టీవీ అయితే సౌండు మొత్తం పెంచుకుంటడు. వార్తలు గల్లీ చివరిదాంక ఇనబడుతయ్. టీవీల నేనొస్తే ఇనక ఏడికి వోతడు?” అన్నాడు వాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. వీడు రచ్చకెక్కితే తప్ప ఇంట్లో వినపడడన్నమాట. ఆ సాయంత్రమే లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని ప్లాను రాయడం మొదలుపెట్టాను.

ముందు పాట టేపు చేయాలి. తర్వాత అడవిలో టేపు పెట్టి, వాడు పెదాలు కదుపుతుంటే వీడియో తీయాలి. రికార్డింగు వాడి ఇంట్లోనే, మధ్యాహ్నం, వాళ్ళ నాన్న డ్యూటీలో ఉండగా. కాలనీ క్వార్టర్లంటే గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పక్కింట్లో తుమ్మితే ఈ ఇంట్లో ‘చిరంజీవ’ అనొచ్చు. అందుకని ఏయే చప్పుళ్ళు రావచ్చో రెండు పేజీలు రాశాను. అటు మూడిళ్ళు, ఇటు మూడిళ్ళు తిరిగి, రెండున్నర నుంచి మూడున్నర దాకా కుక్కర్ పెట్టొద్దని అందరికీ చెప్పాను. చెప్పానా, చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. పక్కింటావిడ బియ్యం చేట కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

“ఒక్క విజిల్‌కు మీ పాట పాడైతదా బిడ్డా? గంత నాజూకు పాటనా?”

“నాజూకే పిన్నీ. మీరు సహకరించాలి.”

“సహకరిస్త తియ్. రాత్రికి మాయన అన్నమడిగితే నీ దగ్గరికే తోలుత.”

వీధి కుక్కకు రొట్టె వేసి దూరంగా తీసుకెళ్ళే పని కీబోర్డువాడి తమ్ముడికి అప్పగించాం. గడియారం టిక్కుటిక్కు వస్తుందని గోడ మీద నుంచి దించి బీరువాలో బట్టల మధ్య పెట్టించాను. ఫ్యాను ఆపించాను. మార్చి నెల మణుగూరు ఎండలో ఫ్యాను లేకుండా నలుగురం ఒక గదిలో కూర్చున్నాం. ఢోలక్‌వాడి చెమట ఢోలక్ మీద పడుతుంటే తువ్వాలుతో తుడిచింది నేనే.

పాట ఒక్క ఊపులో వచ్చింది. ఆదివారం సైకిళ్ళేసుకుని గోదారి ఒడ్డుకు పోవడం గురించి రాశాను దాన్ని. రెండో చరణంలో వాడు గొంతు పెంచి పాడాడు. అక్కడ పెంచమని నేను చెప్పలేదు, అయినా బాగుందనిపించింది. పూర్తయ్యాక మళ్ళీ వేసి వింటుంటే, మొదటి చరణం కాగానే నేనే టేపు ఆపేశాను. అడవిలో బ్యాటరీలు కావాలి కదా, ఇక్కడే అరగదీస్తే ఎలా అని. అదీ నా నోట్‌బుక్‌లో రాసిందే.

వీడియో తీయడానికి బోనకల్ నుంచి ఒకాయన వచ్చాడు. పెళ్ళిళ్ళు తీస్తాడు. భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా, మెడలో తువ్వాలు. మరునాడు ముదిగొండలో పెళ్ళుందనీ, సాయంత్రానికల్లా వదిలిపెట్టాలనీ రాగానే చెప్పాడు. పొద్దున్నే పినపాక దారిలో అడవిలోకి వెళ్ళాం. ఇప్పపూలు రాలే రోజులు. నేలంతా లేత పసుపు, గాలంతా తియ్యటి వాసన. ఆయన చుట్టూ చూసి నన్నడిగాడు.

“పెద్దవాళ్ళెవరమ్మా? ముందు వాళ్ళ మీద పెడతా.”

“పెద్దవాళ్ళెవరూ లేరు. ఇది పాట.”

“అయితే అక్షింతలేసేదెవరు?”

తలప్రాణం తోకకొచ్చింది నాకు. నోట్‌బుక్ తీసి ఒక్కొక్క షాటు చదివి చెప్పాను. ఆయన శ్రద్ధగా అన్నీ విని, కీబోర్డువాడి దగ్గరకెళ్ళి “ఇటు చూడు బాబూ, కొంచెం నవ్వు, నమస్కారం పెట్టు,” అన్నాడు. వాడు పెట్టాడు. ఆ నమస్కారం వీడియోలో ఇప్పటికీ ఉంది.

అక్కడ కోయ ఆడవాళ్ళు నలుగురు బుట్టల్లోకి పూలు ఏరుకుంటున్నారు. వాళ్ళలో వాళ్ళు తమ భాషలో ఏదో అనుకుని నవ్వుతున్నారు. అందులో పెద్దావిడ మా దగ్గరకొచ్చి తెలుగులో అంది:

“పువ్వు తొక్కుతుండ్రు. జర అటు జరుగుండ్రి.”

తప్పు మాదే. పదడుగులు జరిగి, పూలు లేని చోట నిలబడ్డాం. నేను టేపు వేశాను. అడవిలో ఆ ఉదయం ఎంత నిశ్శబ్దమంటే ఢోలక్ దెబ్బ ఒక్కొక్కటీ చెట్టుచెట్టుకూ తగిలి వస్తోంది. మొదటి చరణం అయింది. రెండో చరణం మొదలైంది. అప్పుడు టేపులోంచి సైరన్ కూసింది.

మొదటి షిఫ్టు దిగే సైరన్, మధ్యాహ్నం మూడింటిది. నిమిషం పాటు సాగదీసి కూసింది. పాటను అడ్డంగా మింగేసింది. ఒక లైనైతే ఒక్క అక్షరం వినపడలేదు. చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. పూలు ఏరే ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు.

“మిమ్ముల డ్యూటీకి పిలుస్తున్నట్టుంది, మీరు పోరా?” అంది పెద్దావిడ.

మేం నలుగురం పుట్టి పెరిగింది, నా వరకైతే పెరిగింది, ఆ సైరన్ కిందే. రోజుకు మూడుసార్లు కూస్తుంది. అది కూసేటప్పుడు గొంతు పెంచి మాట్లాడతాం, ఆగితే దించుతాం, మాటలో మాట అలాగే సాగిపోతుంది. కూసిందని మాకు తెలియను కూడా తెలియదు. రెండు పేజీల చప్పుళ్ళ జాబితాలో గోడ గడియారం ఉంది, పక్కింటి తుమ్ము ఉంది, సైరన్ లేదు. రెండో చరణంలో వాడు గొంతెందుకు పెంచాడో అప్పుడు తెలిసొచ్చింది. వాడిక్కూడా.

“ఈ సైరన్ ఏందమ్మా, పాటలోదేనా?” అన్నాడు వీడియో ఆయన.

నేను నోట్‌బుక్ నేలకేసి కొట్టాను. ఎవరిని తిట్టాలో తెలియలేదు, ఎందుకంటే తిట్టాల్సింది నన్నే. బ్యాటరీలు మిగిల్చిన మహాతల్లిని నేనే. మళ్ళీ రికార్డు చేద్దామంటే కీబోర్డు ఇంట్లో ఉంది, ఈయన సాయంత్రం బండెక్కుతాడు, కేబుల్లో ఆదివారమని ఊరంతా చెప్పుకున్నాం. పాడేవాడు ఒక బండ మీద కూర్చుని చాలాసేపు కాళ్ళ కేసి చూసుకున్నాడు. తర్వాత లేచాడు.

“తియ్యి, ఏం గాదు. మా నాయనకు గా సైరనన్న ఇనబడుతది,” అని నవ్వాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు. నేను వాడిని చూడలేక అటు తిరిగి కీబోర్డువాడి మీద అరిచాను, చొక్కా గుండీ పెట్టుకోలేదని.

మళ్ళీ టేపు వేశాం. సైరన్ దగ్గరకొచ్చేసరికి టేపులో వాడి గొంతు వాడికే వినపడటం లేదు. పెదాలు తప్పిపోకుండా ఉండాలని వాడు నిజంగానే పాడటం మొదలుపెట్టాడు, గొంతు చించుకుని, మెడ నరాలు తేలేలా. సైరన్ మోగుతుంటే ఏం చూపించాలో పెళ్ళిళ్ళలో నేర్చుకోని వీడియో ఆయన ఏం చేయాలో తోచక, ఆ నిమిషమంతా కెమెరాను వాడి ముఖం మీదే పెట్టి ఉంచాడు.

ఆదివారం వాడింటికే వెళ్ళాం అందరం. కుక్కర్లు పెట్టని ఆ ఆరిళ్ళ వాళ్ళూ వచ్చేశారు, మీ వల్ల నష్టపోయినవాళ్ళం కదా అన్నట్టు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళ నాన్న లుంగీ, బనియనుతో టీవీకి మూరెడు దూరంలో స్టూలు వేసుకున్నాడు. సౌండు మొత్తం పెంచాడు. గులాబీల వాన కురిసింది తెర మీద. రెండు హంసలు అటొకటి ఇటొకటి ఈదుకుంటూ వచ్చి కలుసుకున్నాయి. ఆ పెళ్ళి హంసలు వద్దని వీడియో ఆయనకు నేను మూడుసార్లు చెప్పాను.

పాట మొదలైంది. ఆయన ముఖంలో ఏమీ లేదు. మొదటి చరణమంతా కొడుకు నోటికేసి చూశాడు, మేమంతా ఆయనకేసి చూశాం. పాడేవాడు తలుపు దగ్గర నిలబడి ఎవరికేసీ చూడలేదు. సైరన్ వచ్చింది. ఆయన చటుక్కున తలెత్తి గోడ గడియారం చూశాడు.

“పదకొండింటికి కూత ఏందే?” అన్నాడు భార్యతో.

ఆవిడ టీవీ వైపు వేలు చూపించింది. ఆయన స్టూలు ఇంకా ముందుకు జరుపుకున్నాడు. తెర నిండా కొడుకు ముఖం. మెడ నరాలు, తెరిచిన నోరు. సైరన్ ఆగేదాకా రెప్ప వేయలేదు ఆయన. పాట అయిపోయి సినిమా పేర్లు పడుతుంటే లేచి టీవీ కట్టేశాడు. పక్కింటావిడ సినిమా పోయిందని గొణిగింది.

“సైరన్ కొడితే మాటలు ఆపేటోళ్ళను సూసిన. పని ఆపేటోళ్ళను సూసిన,” అన్నాడు మా అందరితో. “వీడు ఆపలే. సూసిండ్రా? ఆపలే వీడు.”

కొడుకును చేత్తో పిలిచాడు.

“గా సైరన్ కొట్టంగ ఏం పాడినవ్? గదొక్కటి చెప్పు.”

వాడు మామూలుగా చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపి తన కుడిచెవి చూపించాడు. ఆ ఇంట్లో ఆయన చెవిలో అరిచి చెప్పేది భార్య ఒక్కతే. ఎదిగిన కొడుకు తండ్రికి అంత దగ్గరగా వెళ్ళి ఎన్నేళ్ళయిందో. వాడు వంగాడు, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు, పాడాడు. ఢోలక్‌వాడు స్టూలు మీద తాళం వేశాడు, ఎప్పుడూ వేసే దానికన్నా మెత్తగా.

*నీళ్ళల్ల దిగినాంక పొద్దు గుర్తు రాదురో,
ఆదివారం నాడు మాకు ఇల్లు గుర్తు రాదురో.*

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంకోసారి పాడమన్నట్టు వేలు తిప్పాడు. వాడు ఇంకోసారి పాడాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, పక్కన కీబోర్డువాడు చూస్తున్నాడని కూడా అనిపించలేదు. అప్పుడాయన కళ్ళు తెరిచి, కొడుకు చెవి పట్టుకుని మెలిపెట్టాడు.

“ఇల్లు గుర్తు రాదా? అందుకేనారా ఆదివారం ఆదివారం చీకటి పడ్డంక వస్తున్నవ్?”