పొద్దు మునిగితే నిద్రపోయే సర్వర్

నవ్వండి, బాగా నవ్వండి! దుకాణంలో వాళ్లు నవ్వింది చాల్లేదని మీరు కూడా మొదలుపెట్టండి. రెండు దినాలు నన్ను ఏడిపించింది ఎవరో తెలిస్తే ఇంకా నవ్వుతారు. అయినా సరే, నా మాట మాత్రం మార్చను.

సంగతేందంటే, మార్కాపురంలో బోరు మోటార్ల దుకాణంలో నేను కంప్యూటర్ పని చూస్తాను. గిద్దలూరులో ఒకటి, యర్రగొండపాలెంలో ఒకటి మా బ్రాంచీలున్నాయి. మిరపతోట ఎండిపోతోందని రైతు మొత్తుకుంటుంటే, ఏ మోటారు ఎక్కడుందో కనుక్కునేదానికి మూడు చోట్లా ఫోన్లే ఫోన్లు! అందరూ ఒకే స్టాక్ టేబుల్ తెరిచి రాసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, మన సొంత సర్వర్‌లో పెట్టుకుందామన్నాను. ఓనర్ రంగారెడ్డి మామ ఒప్పుకోలా.

"ఎందుకమ్మా ఆ తలనొప్పి? క్లౌడ్‌లో పెట్టిస్తానని మా అల్లుడు అంటానే ఉన్నాడు గదా."

"మన స్టాక్ సంగతి ఎవరింట్లోనో ఎందుకు మామా? మన దుకాణంలోనే ఉండనీ!"

"సరే, ముందు సర్వర్ రెడీ చెయ్. తెల్లారి ఏడింటికి యర్రగొండపాలెం బ్రాంచీలో మన మస్తాన్ తెరిస్తే తెరుచుకోవాల. రెండుసార్లు ఫెయిలైతే క్లౌడే. ఇంక మాట్లాడకూడదు."

మాట్లాడతానా! పాత కంప్యూటర్‌కి ర్యామ్ పెంచినాను. లినక్స్ ఎక్కించినాను. సాఫ్ట్‌వేర్ నడిచేదానికి డాకర్ వేసినాను, బయటోళ్లు చొరబడకుండా ఫైర్‌వాల్ పెట్టినాను. మస్తాన్ అన్న చూసేదానికి ఒక టెస్ట్ పేజీ పెట్టి సాయంత్రం ఫోన్ చేసినాను.

"అన్నా, వస్తోందా?"

"సూపర్‌గా వస్తోంది చెల్లెమ్మా!"

నా చుడీదారుకి కాలర్ లేదు గానీ, ఉంటే ఎగరేసుకుంటా ఇంటికి పోయేదాన్ని.

తెల్లారి ఏడింటికి అన్న ఫోన్. "చెల్లెమ్మా, గుండ్రంగా తిరుగుతానే ఉంది. పేజీ రాలా."

పరిగెత్తిపోయి చూస్తే సర్వర్ ఆఫ్! ఇంకేముంది, రాత్రి కరెంటు పోయుంటుంది. లైన్‌మన్ కాశయ్య మామకి ఫోన్ చేసి దులిపేసినాను.

"దేవుని తోడమ్మా, రాత్రంతా కరెంటుంది. మా ఇంట్లో ఫ్యాన్ ఆగలా!"

"మీ ఇంట్లో ఫ్యాన్ తిరిగితే మా దుకాణంలో కరెంటున్నట్టా?" అని టక్కున పెట్టేసినాను.

మరుసటి పొద్దున మళ్ళీ అదే ఫోన్. మళ్ళీ సర్వర్ ఆఫ్. రంగారెడ్డి మామ అల్లుడి నంబరు వెతుకుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఆగు మామా! నా మాట నెగ్గకూడదని ఎవరో కావాలనే ఆపుతున్నారు. కెమెరా రికార్డింగ్ పెట్టు. దొరికినోళ్ల చేత రోజూ ఆ సర్వర్‌కి దణ్ణం పెట్టించకపోతే నా పేరు పద్మ కాదు!"

దుకాణమంతా మూగినారు. రికార్డింగ్‌లో మొదట ఖాళీ కౌంటర్. తర్వాత ఒక ఆకుపచ్చ చున్నీ వచ్చింది. ఫ్యాన్లు ఆపింది, దేవుడి పటానికి మొక్కుకుంది, నేరుగా మెయిన్ స్విచ్ దగ్గరికి పోయి కిందికి లాగింది. అంతే, స్క్రీన్ నల్లగా అయిపోయింది.

ఆ చున్నీ నాదే.

షార్ట్ సర్క్యూట్ భయానికి, దుకాణం కట్టేసేముందు మెయిన్ ఆపడం మాకు మొదట్నుంచీ అలవాటు. తాళం వేసేది నేనే గదా! పొద్దున వచ్చి మెయిన్ ఎత్తేదీ నేనే. ఎత్తేసి, ఆ తర్వాత సర్వర్ దగ్గరికి పోయి "ఎవడ్రా ఆపింది" అని అరిచేదీ నేనే. నా చేతికి తెలుసు గానీ నాకు తెలియలా!

మామ పొట్ట పట్టుకొని నవ్వుతున్నాడు. "ఎవరో కావాలనే ఆపుతున్నారంటివే?"

"నవ్వు మామా! సర్వర్‌లో ఏ లోపమూ లేదని తేలింది గదా? లోపం నాలో ఉంది. క్లౌడ్ పెట్టినా నేను ఇక్కడే ఉంటా గదా! ఇంకొక్క ఛాన్స్ ఇయ్."

ఇంక నవ్వలేక, సరే కానీమన్నట్టు చెయ్యి ఊపినాడు. మూడో పొద్దున ఏడింటికి పాలెంలో పేజీ టక్కున తెరుచుకుంది. ఇంక సాఫ్ట్‌వేర్ ఎక్కించడమే!

కాశయ్య మామకి సారీ కూడా చెప్పినాను, కొంచెం మెల్లగా. సర్వర్‌కి వేరే లైన్ లాగేదానికి ఎలక్ట్రీషియన్ వచ్చే వారం వస్తానన్నాడు. అంతవరకు రోజూ సాయంత్రం రెండు చేతులూ జోడించి ఆ సర్వర్‌కి దణ్ణం పెట్టి, జోడించిన చేతులతోనే గడప దాటుతున్నాను. మాట మీద నిలబడినాననుకుంటున్నారు అందరూ. అదేం లేదు, చేతులు విడదీస్తే మళ్ళీ మెయిన్ మీదికే పోతాయి!