చీడ్ చెక్క

మా పక్క క్వార్టర్ తాతయ్య పోయారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకరిని చూసి ఒకరు దండం బొమ్మలు పెట్టారు. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకే ఇది టైపు చేస్తున్నాను.

ప్లాంటులో వడ్రంగి పని చేసి రిటైరయ్యాక ఆయన చిన్న చిన్న వాయిద్యం పెట్టెలు చేసేవారు. చెక్క డబ్బా, దాని మూత మీద ఇనుము కోసే హాక్సా బ్లేడు విరిగిన ముక్కలు. బొటనవేలితో మీటితే మోగుతాయి.

"బ్లేడు ఏదైనా పర్లేదురా. పాడేది మూతచెక్క" అనేవారు.

చెత్తలో దొరికిన చెక్కనైనా మెటికతో కొట్టి వినేవారు. ఆ తర్వాత నాలుకతో నాకేవారు.

"థూ! ఛీ తాతా!"

"పచ్చిదో ఎండిందో నాలిక్కి తెలుస్తాది. నీ ఫోనుకి తెలుస్తాదేటి?"

ప్లైవుడ్ చూస్తే మాత్రం ఆయనే ఉమ్మేసేవారు. "అందులో కర్ర మాటాడదురా, జిగురు మాటాడతాది."

చివరిగా ప్లాంటుకి మెషీన్లొచ్చిన ప్యాకింగ్ పెట్టెలోంచి ఒక పలక ఏరారు. పైన్ చెక్క. మేముండే ఈ ఉత్తరాది ఊళ్లో హిందీలో చీడ్ అంటాం. అది వాళ్లావిడ, మామ్మ కోసం. మామ్మకి చెవులు వినబడవు. మోగే చెక్కని గడ్డానికి ఆనించుకుంటే ఎముకలోకి అదురు తెలుస్తుంది. బ్లేడ్లు బిగించకముందే ఆయన పోయారు.

చర్చివాళ్లు ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక, అంటే సంతాప ప్రార్థన రోజు, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆయన కోడలు సామాను సర్దుతూ అడిగింది, "ఇదేటి బాబూ?"

"చీడ్ హై, ఆంటీ."

"చీడా? ఓలమ్మో!"

అక్కడున్న నలుగురూ నావైపు తిరిగేసరికి, ఆ చీడ కాదని చెప్పకుండానే కుర్చీలు సర్దడానికి వెళ్లిపోయాను. మళ్లీ చూసేసరికి పలక నిండా నల్లటి చెదల మందు.

"మావయ్య దాసుకున్న చెక్క కదా, పురుగు తినీస్తాదని పూసీసాను" అంది, చేతులు కడుక్కుంటూ.

ఆ కంపు ఇంకా నా ముక్కులోనే ఉంది. దానికంటే కంపు ఇంకోటి. మైకులో తాతయ్యని మహా కళాకారుడన్న పెద్దాయనే పకోడీ నములుతూ పాడైన పలక చూసి నాతో, "దానికేటిరా, ప్లైవుడ్ ముక్కొకటి కొనీ" అన్నాడు.

గరుకు కాగితంతో రుద్దాను. మందు కర్రలోకి దిగిపోయింది. ఏం చేయాలో తెలియక అలాగే మామ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఛీ, ఏటి కంపురా!" అని మొహం తిప్పేసింది. కాసేపటికి పలకని పాత తువ్వాల్లో చుట్టి, గడ్డం ఆనించి, "కొట్టు" అంది.

మెటికతో కొట్టాను. మామ్మ కళ్లు మూసుకుంది. ఒక చేత్తో ముక్కు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో నాకు సైగ చేసింది, మళ్లీ కొట్టమని.