కత్తి పోస్టు ఒకటి

అందరూ వస్తువులు కొంటారు. రమాకాంత్ నియమిస్తాడు.

చెంబు కావాలన్నా, చెప్పులు కావాలన్నా ముందు గేటుకు నోటిఫికేషన్ అంటిస్తాడు. తర్వాత ప్రిలిమ్స్, మెయిన్స్, సర్టిఫికెట్ల పరిశీలన. మధ్యలో అభ్యంతరాలకు గడువు. ఇవన్నీ గట్టెక్కిన చెంబుతోనే ఆయన నీళ్లు తాగుతాడని, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో కిక్కిరిసిన అశోక్‌నగర్‌లో చెప్పుకుంటారు. ఎంపిక పూర్తయ్యేదాకా దేంతో తాగాడో మాత్రం ఎవరూ కనుక్కోలేదు.

ఇరవై నాలుగేళ్ల వయసులో సిద్దిపేట పక్క ఊరి నుంచి పుస్తకాల సంచీతో దిగాడాయన. రాయని పరీక్ష లేదు. ఒకటి రద్దయింది. ఒకటి కోర్టుకెక్కి దిగనే లేదు. ఇంకొకదాని ఫలితాలు వచ్చేలోగా ఈయన వయసు దాటిపోయింది. అలా ఇరవై రెండేళ్లు గడిచాక ఉద్యోగం రాలేదు గానీ, ఉద్యోగాలిచ్చే పద్ధతి మాత్రం ఒంటికి పట్టేసింది. ఇప్పుడు సాయంత్రాలు ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తాడు. పగలంతా ఆయనే ఒక కమిషన్. అనసూయమ్మగారి ఇంట్లో గేటు పక్క గది ఆ కమిషన్‌కు ప్రధాన కార్యాలయం. పై రెండంతస్తులూ ఆడపిల్లల హాస్టల్.

ఆ హాస్టల్లో రెండో అంతస్తు గదిలో భాగ్యశ్రీ మూడు రోజులుగా గోడను చూస్తూ పడుకుంది. సోమవారం ఫలితాలొచ్చాయి. అర మార్కు. నాలుగేళ్ల చదువు, సెంట్రల్ లైబ్రరీలో చెట్టు కింద కుర్చీ కోసం పొద్దున ఆరింటికే వేసిన పరుగులు, అన్నీ అర మార్కు దగ్గర ఆగిపోయాయి. శనివారం బస్సుకు హుస్నాబాద్ వెళ్లిపోతున్నానని నాయనకు ఫోన్ చేసింది. సంచీ జిప్పు కూడా వేసేసింది. ఇంకో నోటిఫికేషన్‌కు దరఖాస్తు గడువు అదే శనివారం సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది. ఆమె దాని జోలికి పోదలుచుకోలేదు.

బుధవారం పొద్దున ఇంటర్‌కమ్‌లో రమాకాంత్ గొంతు మోగింది.

"భాగ్యశ్రీ, జర కిందికి రా. కమిటీల నీ పేరు వేసిన."

"ఏం కమిటీ అన్నా?"

"ఉస్త్రా. గడ్డం గీసే మడత కత్తి. నా జిందగీల మొదటిది. పోస్టు ఒకటే, పోటీ మస్తున్నది."

"నాకు గడ్డమే లేదు గదన్నా!"

"అందుకే వేసిన. పక్షపాతం ఉండదు."

ఆమెకు ఛాతీ దాకా జారిన ఆయన గడ్డం గుర్తొచ్చింది. "నువ్వు గూడ ఎన్నడు గీసుకోలే గదా?"

"గందుకే కమిటీ వేసిన. నాకే తెలిస్తే నిన్నెందుకు పిలుస్త?"

"నేను శనివారం ఊరికి పోతున్న."

"పో. ఎవరు వద్దన్నరు? మన రిజల్ట్ శుక్రవారమే. అప్పటిదాకా ఏం చేస్తవ్, గోడ చూస్తవా? పాపం, ఆ గోడకు గూడ బోర్ కొడ్తది."

విసుక్కుంటూనే దిగింది. ఈ మనిషితో వాదించడం కన్నా కత్తిని చూడటం తక్కువ శ్రమ అనిపించింది.

కమిటీలో రెండో సభ్యుడు కుమారస్వామి, ఎదురు హాస్టల్ పిల్లవాడు. కానిస్టేబుల్ పరీక్ష పరుగులో రెండు సెకన్లు ఆలస్యమై, పోయిన వారమే ఇంటిముఖం పట్టబోయాడు. ప్రపంచంలో దేన్నో ఒకదాన్ని తనూ రిజెక్ట్ చేయాలని కసిగా ఉన్నాడు. ఇంతకంటే తగిన సభ్యుడు దొరకడు.

విషయ నిపుణుడు పోచయ్య. చిక్కడపల్లి సందులో ఒక కుర్చీ, ఒక అద్దం ఉన్న క్షౌరశాల ఆయనది. అందరిలాగే ఆయన కూడా ఇప్పుడు సగం బ్లేడు విరిచి పెట్టుకునే పిడినే వాడుతున్నాడు. కానీ అసలు ఉస్త్రా గురించి అడిగేసరికి కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"కొత్తోనికి మొన గుండ్రంగుండాలె సారు. మూల తేలిందంటే చెవి కాడ పట్టుకుంటది. వెడల్పు నడిమి రకం జాలు. సాన పట్టి ఇచ్చిందే తీస్కోవాలె. కొత్తోడు రాయి మీద గీకిండంటే కత్తి పోతది, రాయి పోతది, తోలుపట్టీ గూడ పోతది."

రమాకాంత్ అదంతా పొడవాటి రిజిస్టర్లో రాసుకుని సిలబస్ అని పేరు పెట్టాడు. వంద మార్కులు కూడా అప్పుడే పంచాడు. పదునుకు పదిహేను. పెట్టెకు పదిన్నర.

"పదునుకు గంతేనా?" అంది భాగ్యశ్రీ.

"నాలుగేండ్ల సంది రాస్తున్నవ్. ఎన్నడన్న పదును చూసి మార్కులేసిండ్రా?"



దరఖాస్తుల కోసం మధ్యాహ్నం నారాయణగూడ వెళ్లారు. దుకాణదారు కత్తిని అద్దం మీద పెట్టగానే రమాకాంత్ దాని విద్యార్హతలు అడిగాడు. అంతకుముందు ఎక్కడ పనిచేసిందో అడిగాడు. దుకాణదారు సాయం కోసం భాగ్యశ్రీ వంక చూశాడు.

"అక్కా, మీ అన్నకు జర చెప్పు. బ్లేడు పెట్టుకునేది తీస్కపొమ్మను. అందరు గదే వాడుతుండ్రు."

"అందరు రాసిందే మేం గూడ రాసినం," అన్నాడు రమాకాంత్. "ఏమైంది?"

చివరికి నచ్చకపోతే తిరిగిచ్చే షరతు మీద కత్తి బయటపడింది. ముషీరాబాద్‌లో పాత సామాన్లవాడి దగ్గర రెండోది దొరికింది. మూడోది ఆన్‌లైన్లో వచ్చింది. ఎర్ర మఖమలు పరిచిన పెట్టె, పెట్టె మీద బంగారు అక్షరాలు, పెట్టెలో ఇంకో చిన్న పెట్టె. కత్తి ఎక్కడో అడుగున ఉంది.

గురువారం ప్రిలిమ్స్. పదును చూడాలంటే వెంట్రుకను అంచు మీద వదలాలట, తెగిపడితే పాసు. పొడుగు వెంట్రుక కావాలి. ముగ్గురు మగవాళ్లూ మర్యాదగా భాగ్యశ్రీ జడ వైపు చూశారు.

"జడ గురించా నన్ను కమిటీల వేసింది?"

"మెరిట్ మీదనే వేసినం చెల్లె. జడ అదనపు అర్హత."

నారాయణగూడ కత్తిని చూడగానే కుమారస్వామి అన్నాడు, "మొన మూల తేలింది. రిజెక్ట్!" ముషీరాబాద్ కత్తికి తుప్పు. "రిజెక్ట్!" రెండోసారి అనేటప్పుడు వాడి మొహంలో వారం రోజుల దిగులు సగం దిగిపోయింది. ఇంకో పది కత్తులుంటే బాగుండునన్నట్టు చుట్టూ చూశాడు కూడా.

మూడో కత్తి మీద వెంట్రుక తెగలేదు. ఊయల ఊగింది.

"దీని పదును గుండు సున్నా," అంది భాగ్యశ్రీ.

"పెట్టెకు ఫుల్ మార్కులు," అన్నాడు రమాకాంత్. "రసీదుకు ఫుల్. పిడికి ఫుల్. మొత్తం డెబ్బై ఎనిమిది. కట్-ఆఫ్ డెబ్బై. మెయిన్స్‌కు అర్హత."

"గిదేం అన్యాయమన్నా!"

"నీకు కొత్తనా?"

శుక్రవారం మెయిన్స్. ఊదిన రబ్బరు బుడగకు సబ్బు నురగ పూసి, పగలకుండా గీయాలి. కత్తి పోచయ్య పట్టుకున్నాడు. రమాకాంత్ మాత్రం రిజిస్టర్ తీసుకుని గది చివరికి పోయి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పర్యవేక్షకుడు అభ్యర్థికి దూరంగా ఉండాలన్నాడు. ఇంత చప్పుడేమిటని అనసూయమ్మగారు గుమ్మంలోకి వచ్చిన క్షణమే మూడో కత్తి బుడగను తాకింది. ఢామ్మని పేలింది. నురగంతా ఆవిడ కళ్లద్దాల మీద వాలింది.

"ఏంటయ్యా ఇది? పక్కింటివాళ్లు మీ ఇంట్లో పెళ్లా అని అడుగుతున్నారు!" అందావిడ, కళ్లద్దాలు తీసి ఎవరిని తిడుతున్నదీ సరిగా కనబడక కుమారస్వామిని తిడుతూ.

పోచయ్య కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత బనియను జేబులోంచి గుడ్డలో చుట్టినదేదో తీశాడు. "సారు, జర దీన్ని గూడ రాయనిస్తవా? మా నాయనది. పదేండ్లాయె దీనికి పని లేక."

"గడువు అయిపోయింది పోచయ్యా."

"అన్నా!" అన్నారు కమిటీ సభ్యులిద్దరూ.

"సరే, ప్రత్యేక అనుమతి," అన్నాడు రమాకాంత్, ఇంకా గోడవైపే చూస్తూ.

వెంట్రుక దాని మీద పడిందో లేదో తెలియలేదు. రెండు ముక్కలు మాత్రం కింద కనబడ్డాయి. రెండో బుడగ మీద కత్తి గాలిలా తిరిగి వచ్చింది. బుడగకు గీసిన సంగతే తెలియలేదు. కుమారస్వామి ఈల వేశాడు. భాగ్యశ్రీ మార్కులు కూడింది. పెట్టె లేదు, పదిన్నర పోయింది. రసీదు లేదు, పది పోయింది. పిడికి పగులు, ఇంకో పది. మిగిలినవన్నీ పూర్తిగా వచ్చాయి. కూడిన అంకె కేసి చూసి ఆమె ఆగిపోయింది.

"ఎంతొచ్చింది?"

"అరవై తొమ్మిదిన్నర."

"అయ్యో పాపం. అర మార్కు. రిజెక్ట్ అని రాయి."

"నేను రాయ."

"రూల్ గదా చెల్లె."

"రూల్ గీస్తదా గడ్డం? కత్తి గీస్తది! పెట్టె లేకుంటే ఇది కత్తి గాదా? ఆ మఖమలు మొద్దు పాసా? అర మార్కు తక్కువొస్తే దీని పదును తక్కువైందా అన్నా?"

 కుమారస్వామి పైన తిరుగుతున్న ఫ్యాన్‌లో ఏదో చూడాల్సింది కనిపెట్టాడు. పోచయ్య చేతిలో బుడగ మెల్లగా తిరిగింది.

రమాకాంత్ కలం మూత తీశాడు. "అభ్యంతరం రాసుకోవాలె. ఆఖర్న ఏమన్నవ్?"

"...అర మార్కు తక్కువొస్తే పదును తక్కువైందా అన్న."

"సరిగ్గ వినవడలే. గట్టిగ చెప్పు."

గట్టిగా చెప్పింది.

"కమిషన్ ఆమోదించింది," అని రాసి, చేతి గడియారం చూసుకుని, లెక్కల క్లాసుకు వేళయిందని వెళ్లిపోయాడు.

గది ఊడుస్తూ అనసూయమ్మగారు భాగ్యశ్రీతో గొణిగింది. "ఈయనకు కత్తెందుకమ్మా? నేను వంకాయ తరుగుతుంటేనే మొహం అటు తిప్పుకుంటాడు. కత్తి చూస్తే కళ్లు తిరుగుతాయి. లేకపోతే ఎవరైనా అంత గడ్డం మోస్తారా?"

"మరి ఇదంతా..."

"అటక మీద చూడు. ఆ గొడుగు ఎంపికై ఏడేళ్లు. ఏడేళ్లూ వానలో తడుస్తూనే వస్తున్నాడు. ఆ దిండు నాలుగేళ్ల కిందటిది, కవరు కూడా విప్పలేదు. చేతి సంచీ తల కింద పెట్టుకుని పడుకుంటాడు."

భాగ్యశ్రీ ఆయన వదిలేసి పోయిన రిజిస్టర్ తెరిచింది. ప్రతి పోస్టు కిందా కమిటీ పేర్లున్నాయి. పేరు పక్కన సన్నటి అక్షరాల్లో ఏదో రాసి ఉంది. గొడుగు కమిటీ: 'రెండు దినాలు అన్నం తినలే.' దిండు కమిటీ: 'ఫోన్ బంద్ చేసి పండుకున్నది.' దాని పక్కన వేరే సిరాతో, తర్వాతెప్పుడో రాసినవి: 'మండలాఫీసుల క్లర్కు.' 'జనగామల మిర్చి బండి, మంచిగ నడుస్తున్నది.' 'పెండ్లయింది, ఫోన్ ఎత్తుతది.' 'గొర్లు కొన్నడు. పండుగకు రమ్మంటడు.' అందరికీ ఉద్యోగాలు రాలేదు. కానీ పక్కన ఏమీ రాయకుండా వదిలేసిన పేరు ఒక్కటీ లేదు.

కత్తి పోస్టు పేజీ తిప్పింది. 'పదునుకు మార్కులు: 15½'లో ½ కొట్టేసి ఉంది. 'పెట్టెకు మార్కులు: 10.' దాని పక్కన ఇరికించి, '½'. అడుగున బుధవారం తేదీతోనే, 'పోచయ్య నాయన కత్తి: పెట్టె లేదు, రసీదు లేదు, పిడికి పగులు.'

"దొంగ చైర్మన్!" అంది పైకే.

పేజీల మధ్య గుర్తుకు పెట్టుకున్న పాత హాల్‌టికెట్ జారిపడింది. ఇరవై రెండేళ్ల కిందటిది. ఫోటోలో నున్నగా గీసిన మొహం, దవడ మీద గాటు, గాటు మీద దూది, కళ్ల నిండా భయం. ఆయన ఒకే ఒక్కసారి గడ్డం గీయించుకున్న రోజు అదే కాబోలు.

శనివారం పొద్దున రమాకాంత్ గది తలుపుకు కాగితం అంటించి ఉంది. 'ఎంపికైన కత్తి నేడు పది గంటలకు పోచయ్య దుకాణంలో విధుల్లో చేరవలెను. పని: రమాకాంత్ గడ్డం. ఉత్తర్వుల ప్రకారం, భాగ్యశ్రీ, కమిటీ సభ్యురాలు.'

"స్టే తెచ్చుకుంట!" అన్నాడు మొహం పాలిపోయి.

"తెచ్చుకో. నేను బస్సుకు పోతున్న."

"మరి అయిదింటి దరఖాస్తు?"

"నువ్వు కుర్చీల కూసుంటెనే నేను నింపుత. లేకుంటె లేదు."

ఆయన చాలాసేపు గడ్డం నిమిరాడు, చివరిసారిగా. తర్వాత నడిచాడు.

పోచయ్య తోలుపట్టీ మీద తన తండ్రి కత్తిని అటూ ఇటూ లాగుతుంటే ఆ చప్పుడుకే రమాకాంత్ కళ్లు మూసుకున్నాడు. పెద్ద గొంతుతో పదిహేడో ఎక్కం అందుకున్నాడు. పక్క బల్ల మీద కూర్చుని భాగ్యశ్రీ ఫోన్లో గళ్లు నింపింది. ఎడమ చెంప అయ్యేసరికి పేరూ, ఊరూ. కుడి చెంప దగ్గర విద్యార్హతలు.

"కదలకు సారు. ఇగో, గొంతు కాడికొచ్చిన."

"పదిహేడు ఏడ్లు... భాగ్యశ్రీ... నింపినవా?"

"సబ్‌మిట్ కాడున్న. కదలకు."

"పదిహేడు ఏడ్లు నూట పందొమ్మిది!"

కత్తి ఆఖరి గీత గీసింది. ఆమె వేలు నొక్కింది. గడ్డం కింద నుంచి పదో తరగతి పిల్లవాడిదంత చిన్న చుబుకం బయటపడింది. ఒక్క గాటు కూడా లేదు.

ఇంటి గేటు దగ్గర అనసూయమ్మగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరు బాబూ? ఇది ఆడపిల్లల హాస్టల్."

"నేనేనమ్మా, రమాకాంత్‌ను!"

"అందరూ అలాగే చెబుతారు. సర్టిఫికెట్ ఏదన్నా ఉందా?" అందావిడ, పెదవి చివర నవ్వు దాచుకుంటూ.

ఆయన పర్సులోంచి కార్డు తీశాడు. కార్డులో గడ్డం ఉంది, మొహంలో లేదు. "సరిపోలడం లేదే," అందావిడ. భాగ్యశ్రీ చంకలోని రిజిస్టర్ తెరిచి పాత హాల్‌టికెట్ అందించింది. అనసూయమ్మగారు కళ్లద్దాలు తుడుచుకుని, ఫోటోనూ మొహాన్నీ రెండు సార్లు మార్చి మార్చి చూసింది.

"ఊఁ, ఈ పిల్లాడే. గది కావాలని వచ్చినప్పుడు ఇలాగే ఉన్నాడు. లోపలికి రా నాయనా."

ఇరవై రెండేళ్లలో ఆ హాల్‌టికెట్ మీద రమాకాంత్ పాసవడం అదే మొదటిసారి.